ఉద్ది కుదిరితేనే ఆట

1987లో నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. పత్తికొండకు పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో మా ఊరు. ఆ ఊళ్లో ఒక చిన్న ఉన్నత పాఠశాల. ఎనిమిది, తొమ్మిది, పది తరగతులు మూడూ కలిపి మగపిల్లలం నలభై మందిమి. జోన్ స్థాయి కబడ్డీ పోటీలు పత్తికొండలో జరుగుతున్నాయంటే పొద్దున్నే మొదటి బస్సెక్కి పోయినాం. రెండు నెలలు సాయంకాలాలు మట్టిలో దొర్లి నేర్చుకొన్న ఆట అది. చీటీల్లో మా మొదటి పోటీ ఒక పెద్ద బడితో పడింది. ఆ బడిలో మా ఈడు మగపిల్లలు నాలుగు వందల మంది ఉండేవారు. అరగంటలో 38–7 తేడాతో ఓడిపోయినాం. ఓడిన జట్టు ఇంటికే గనుక, పదకొండు గంటలకల్లా మా ఏడాది ఆట ముగిసింది. తిరుగు బస్సు మూడింటికి.

మా బడికి వ్యాయామోపాధ్యాయుడు లేడు. మా వెంట వచ్చింది లెక్కల సారు. ఆయన మాకు ఉగ్గాని, బజ్జీలు తినిపించి, ఏడుస్తున్న మా కెప్టెన్‌తో అన్నాడు: "ఏమప్పా, ఎందుకేడుస్తావు? వాళ్లు నాలుగు వందల్లోనుంచి ఏరిన ఏడుగురు. మీరు నలభైలోనుంచి వచ్చిన ఏడుగురు. మీ ఆటలో తప్పు లేదురా, లెక్కలోనే ఉంది."

ఆ మాట వల్లనే నేను తర్వాత గణాంకశాస్త్రం చదివినానంటే అతిశయోక్తి అవుతుంది. కాని ఆ మాట మరిచిపోలేదు. ఆ లెక్క ఏమిటో, దానికి ఇతరులు ఏ ఉపాయం చేసినారో, మన సీమలో ఆ ఉపాయం ఎంతవరకు పనికి వస్తుందో ఈ వ్యాసంలో వివరించడానికి ప్రయత్నిస్తాను.

ఉద్దులు – ఎద్దుల పండ్లు

పోటీలో ఇరుపక్షాలు సరితూగాలన్న ఆలోచన మనకు ఎక్కడినుంచో దిగుమతి అయింది కాదు. చిన్నప్పుడు ఊళ్లో ఆట మొదలుపెట్టే ముందు ఉద్దులు పోయేవాళ్లం గదా! ఒకే ఎత్తు, ఒకే సత్తువ గల ఇద్దరు జతగా పక్కకు పోయి, ఒకరు చంద్రుడని, ఒకరు సూర్యుడని పేర్లు పెట్టుకొని వచ్చి, "నీకు చంద్రుడు కావాల్నా, సూర్యుడు కావాల్నా?" అని పెద్దలను అడుగుతారు. ఏ పేరు ఎవరు కోరినా ఆ జతలో ఒకడు ఇటు, ఒకడు అటు పోతాడు. ఇట్లా ప్రతి జతా చీలిపోయేసరికి రెండు జట్లూ తూకానికి తూకం సరిపోతాయి. ఏ నిబంధనల పుస్తకమూ లేకుండా పిల్లలు కనిపెట్టుకొన్న న్యాయం ఇది.

పెద్దలకూ ఈ సంగతి తెలుసు. మన తిరునాళ్లలో బండలాగుడు పోటీలు చూడండి. పాలపండ్ల గిత్తలకు ఒక పోటీ, రెండు పండ్లవాటికి ఒకటి, నాలుగు పండ్లకు ఒకటి, ఆరు పండ్లకు ఒకటి, ఆపైన పెద్ద ఎద్దులకు వేరే. పాలపండ్ల గిత్తను తెచ్చి పెద్ద ఎద్దు పక్కన నిలబెడితే చూడవచ్చిన జనమే ఒప్పుకోరు.

మరి బడుల పోటీలకు వచ్చేసరికి ఈ న్యాయం ఎంతవరకు పాటిస్తున్నాం?

ఇప్పుడున్న పద్ధతి

పాత మద్రాసు రాష్ట్రంలో విద్యాశాఖ డైరెక్టరుగా పనిచేసిన గ్రిగ్ దొర పేరిట ఆంధ్ర జిల్లాల్లో బడుల మధ్య ఆటల పోటీలు జరిగేవి. పాతతరం అయ్యవార్లు వాటిని "గ్రిగ్ పోటీలు" అనే పిలిచేవారు. దేశమంతటికీ కలిపి పాఠశాలల క్రీడా సమాఖ్య 1954లో ఏర్పడింది. నేడు ఆ సమాఖ్య పోటీలు 14 ఏళ్లలోపు, 17 ఏళ్లలోపు, 19 ఏళ్లలోపు అని వయసును బట్టి, మగపిల్లలు ఆడపిల్లలు అని విడివిడిగా జరుగుతాయి. కబడ్డీ, కుస్తీ వంటి ఆటల్లో బరువు లెక్క కూడా ఉంది.

అంటే పిల్లవాడిని వర్గీకరించినాం. బడిని మాత్రం వర్గీకరించలేదు. మండల స్థాయిలో నలభై మంది ఉన్న బడీ, నాలుగు వందలున్న బడీ ఒకే చీటీ డబ్బాలో ఉంటాయి.

ఆ వయసు లెక్కలోనూ ఒక తిరకాసు ఉంది. మన పల్లెల్లో బడిలో చేర్చేనాడు అయ్యవారు వేసిన జూన్ ఒకటో, జూలై ఒకటో ఎంతమందికి పుట్టినరోజు అయి కూర్చుందో ఈ సంచిక చదివే పెద్దలకు తెలియనిది కాదు. అందుకే పెద్ద పోటీల్లో మణికట్టు ఎముకను ఎక్స్‌రే తీసి వయసు అంచనా వేసేదాకా వచ్చింది. ఎద్దు పండ్లు ఎవరూ దిద్దలేరు. కాగితం మీది తేదీ అట్లా కాదు.

పై మెట్లకు పోయేకొద్దీ మన పద్ధతి ఇంకో దారి పడుతుంది. పాఠశాల క్రీడా సమాఖ్య పోటీల్లో జిల్లా తరఫున ఆడేది ఒక బడి జట్టు కాదు. వేర్వేరు బడుల పిల్లలనుంచి ఏరి కూర్చిన జట్టు. దీనికి భిన్నంగా, 1960లో మొదలైన సుబ్రతో కప్ ఫుట్‌బాల్‌లో మొదటినుంచి చివరిదాకా బడికి బడే పోటీ. మొదటి పద్ధతి ఉద్దేశం ప్రతిభను ఎంచడం. రెండో దాని ఉద్దేశం బడిని ఆడించడం. ఈ రెండింటి తేడా మనసులో పెట్టుకొంటే తక్కిన విషయం సులభంగా బోధపడుతుంది.

లెక్క ఏమంటుంది?

మా సారు చెప్పిన లెక్కను ఇప్పుడు కాస్త విడమరుస్తాను. అర్థం కావడం కోసం ఇరవై మంది పిల్లల్లో ఒకడు కబడ్డీ బాగా ఆడగలవాడని అనుకొందాం. ఇది ఊహించుకొన్న అంకె మాత్రమే.

నలభై మంది ఉన్న బడిలో అట్లాంటివాళ్లు సగటున ఇద్దరుంటారు. నాలుగు వందల మంది ఉన్న బడిలో ఇరవై మంది. జట్టుకు కావలసింది ఏడుగురు. చిన్న బడిలో ఏ ఏడాదైనా అట్లాంటివాళ్లు ఏడుగురో అంతకు మించో ఉండే అవకాశం ఎంత? ద్విపద విభాజనం ప్రకారం వెయ్యికి సుమారు మూడు. అంటే మూడు వందల ఏండ్లకు ఒకసారి. పెద్ద బడిలో అది దాదాపు ఖాయం. పైగా వాళ్లకు మరో పదముగ్గురు మిగులుతారు. సాయంత్రం సాధనలో ఎదుటిపక్షంగా నిలబడేది వాళ్లే. చిన్న బడికి ఆ భాగ్యమూ లేదు.

ఇందులో ఆలోచించవలసిన సంగతులు మూడున్నాయి.

ఒకటి: జట్టులో మంది పెరిగేకొద్దీ చిన్న బడి నష్టం పెరుగుతుంది. వాలీబాల్‌కు ఆరుగురు, కబడ్డీకి ఏడుగురు, ఫుట్‌బాల్‌కు పదకొండు మంది. మన పల్లెల్లో వాలీబాల్ వల కట్టినంత సులభంగా ఫుట్‌బాల్ జట్టు ఏర్పడకపోవడానికి మైదానం లేకపోవడం ఒక్కటే కారణం కాదన్నమాట.

రెండు: బడి పెద్దదయ్యేకొద్దీ లాభం అదే వేగంతో పెరగదు. నలభైకి, నాలుగు వందలకు మధ్య ఉన్న తేడా నాలుగు వందలకు, ఎనిమిది వందలకు మధ్య లేదు. ఆడేది ఏడుగురే గదా. కాబట్టి వర్గీకరణ అవసరం ముఖ్యంగా అడుగున ఉన్న బడులకే.

మూడు: ఒంటరి ఆటల్లో లెక్క తిరగబడుతుంది. వెయ్యిలో ఒకడు మెరుపులా పరుగెత్తేవాడు అనుకొంటే, నాలుగు వందల బడిలో వాడు ఉండే అవకాశం నూటికి 33. నలభై మంది బడిలో నూటికి నాలుగే. అయితే అట్లాంటి చిన్న బడులు ఇరవై ఉంటే వాటన్నిటిలో కలిపి ఎనిమిది వందల మంది పిల్లలు. వాళ్లలో ఎక్కడో ఒకచోట వాడు ఉండే అవకాశం నూటికి 55. పరుగు పందెంలో ఎవరూ వినని ఊరి పిల్లవాడు పతకం కొట్టుకు రావడం, అదే ఊరి కబడ్డీ జట్టు మొదటి ఆటకే ఇంటిదారి పట్టడం – రెండూ ఒకే లెక్కలోనుంచి వచ్చినవే.

కాబట్టి ప్రతిభను ఎంచడానికి మన పద్ధతి చెడ్డది కాదు. ఆ ఒక్కడిని అది పట్టుకోగలదు. మిగిలిన ముప్పైతొమ్మిది మంది సంగతే దానికి పట్టదు.

వాళ్లకు దక్కేది ఎంతో చూడండి. పదహారు జట్లు ఓడితే ఇంటికే అన్న పద్ధతిలో ఆడితే, ఎనిమిది జట్లకు దొరికేది ఒకే ఒక్క ఆట. ఆ ఎనిమిదింటిలో చిన్న బడులే ఎక్కువగా ఉంటాయని వేరే చెప్పనక్కరలేదు. నాకు ఏడాదికి దక్కిన అరగంట అదే. కప్పు ఎవరు గెలిచినారన్న దానికంటే, ఒక మామూలు పిల్లవాడికి ఏడాదిలో ఎన్ని సరిజోడు ఆటలు దొరికినాయన్నదే అసలు కొలత అని నా అభిప్రాయం.

అమెరికా బడుల అనుభవం

బడుల వర్గీకరణ మీద ఎక్కువ తర్జనభర్జన జరిగిన దేశం అమెరికా. అక్కడ ఉన్నత పాఠశాలల ఫుట్‌బాల్ అంటే కోడిగుడ్డు ఆకారపు బంతితో ఆడే వాళ్ల సొంత ఆట. పక్షానికి పదకొండు మంది. టెక్సాస్ రాష్ట్రంలో ఆ పోటీలంటే మనకు సంక్రాంతి బరి వంటివి. అక్కడ 1910లో ఏర్పడిన సంస్థ ప్రభుత్వ బడుల పోటీలను నడుపుతుంది. రెండేళ్లకొకసారి ప్రతి బడిలో పిల్లలను లెక్కించి, బడులను తరగతులుగా విడదీస్తుంది. 2014 నుంచి ఆ తరగతులు ఆరు. ఏ తరగతికి ఆ తరగతి విజేత.

బొత్తిగా చిన్న బడుల కోసం వాళ్లు ఆటనే మార్చుకొన్నారు. 1934లో నెబ్రాస్కా రాష్ట్రంలోని హెబ్రాన్ అనే ఊళ్లో స్టీఫెన్ ఎప్లర్ అనే ఉపాధ్యాయుడు ఆరుగురితో ఆడే ఫుట్‌బాల్ కనిపెట్టినాడు. పదకొండు మందిని పోగుచేయలేని పల్లె బడులకు అది ప్రాణం పోసింది. టెక్సాస్‌లో నూరు మందికి అటూ ఇటూ పిల్లలున్న బడులు దాన్ని ఇప్పటికీ ఆడుతున్నాయి.

అయితే తల లెక్క ఒక్కటే చాలలేదు. ప్రభుత్వ బడికి హద్దులుంటాయి, ఆ హద్దులోని పిల్లలే వస్తారు. ప్రైవేటు బడికి హద్దు లేదు, ఎక్కడి పిల్లవాడినైనా చేర్చుకోవచ్చు. తల లెక్కలో చిన్నవైన ఆ బడులు చిన్న తరగతుల్లో చేరి కప్పులు పట్టుకుపోతున్నాయని గొడవ లేచింది. అలబామా రాష్ట్రం 1999లో ప్రైవేటు బడుల పిల్లల సంఖ్యను 1.35తో హెచ్చించాలని నియమం పెట్టింది. ఇల్లినాయ్ రాష్ట్రం 2005లో హద్దులేని బడులకు 1.65 హెచ్చింపు పెట్టింది. అంటే పోటీల లెక్కలో అట్లాంటి బడి పిల్లల సంఖ్య ఒకటిన్నర రెట్లకు పైగా అవుతుందన్నమాట. ఇండియానా రాష్ట్రం 2012 ప్రాంతంలో ఇంకో దారి తొక్కింది. వరుసగా గెలుస్తున్న బడిని పిల్లల సంఖ్యతో పని లేకుండా పై తరగతికి ఎక్కిస్తారు.

ఇండియానా పేరెత్తితే వర్గీకరణను వ్యతిరేకించేవాళ్ల వాదం కూడా చెప్పాలి. అక్కడ బాస్కెట్‌బాల్‌లో 1911 నుంచి 1997 వరకు బడులన్నిటికీ ఒకే పోటీ. 1954లో ఏడు వందలకు పైగా బడులు పాల్గొన్న పోటీలో, 161 మంది పిల్లలున్న మైలన్ అనే పల్లె బడి, తనకు దాదాపు పదింతలున్న మన్సీ సెంట్రల్ బడిని 32–30తో ఓడించి కప్పు గెలిచింది. ఆ కథ ఆధారంగా 1986లో సినిమా కూడా వచ్చింది. వర్గీకరణ పెట్టినాక అట్లాంటి అద్భుతానికి చోటెక్కడిదని చాలామంది నేటికీ బాధపడతారు. అది కొట్టిపారేయదగిన బాధ కాదు. కొండను ఢీకొనే హక్కు చిన్నవాడికీ ఉండాలి. కాని మైలన్ తర్వాత 1997 దాకా అంత చిన్న బడి మళ్లీ గెలవలేదన్నది కూడా నిజమే. పైగా బాస్కెట్‌బాల్ జట్టుకు ఐదుగురే చాలునన్నది గమనించండి. మన లెక్క అక్కడా తప్పలేదు.

మన సీమ చిక్కులు

ఈ పద్ధతిని యథాతథంగా తెచ్చి పత్తికొండలో పెడితే కుదరదు. ముఖ్యమైన చిక్కు హాజరు పట్టీలోనే ఉంది.

వానలు మొహం చాటేసిన ఏడు పత్తికొండ, ఆలూరు, ఆదోని వైపు పల్లెలు దసరా, దీపావళి దాటేసరికి సగం ఖాళీ అవుతాయి. జనం సుగ్గికి పోతారు. పత్తి తీయడానికి, తర్వాత మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు కుటుంబాలతో సహా తరలిపోతారు. పిల్లలను నిలబెట్టడానికి సీజనల్ హాస్టళ్లు పెట్టినారు గాని, అందరూ నిలవరు. జూన్‌లో పట్టీ మీద నలభై ఉన్న బడిలో నవంబరులో బెంచీల మీద పాతికే ఉండవచ్చు. ఏ నెల లెక్క తీసుకొంటారు? టెక్సాస్‌లో ఒక తేదీ పెట్టి లెక్కిస్తే సరిపోతుంది. ఇక్కడ ఆ తేదీ ఎప్పుడన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. మా జట్టులో మంచి రైడరు కూడా ఒక ఏడు అట్లాగే తల్లిదండ్రుల వెంట పోయినాడు. ఆ ఏడు మేము జట్టే పంపలేదు.

రెండో చిక్కు హద్దులేని బడులది. మన దగ్గర డబ్బు గల ప్రైవేటు బడులకంటే ముందు చెప్పుకోవలసినవి క్రీడా పాఠశాలలు. హకీంపేటలో 1993లో, కడపలో 2006లో అట్లాంటివి వచ్చినాయి. ఎత్తు, బరువు, 30 మీటర్ల పరుగు, 800 మీటర్ల పరుగు, నిలబడి దూకడం వంటి పరీక్షలు పెట్టి చిన్న తరగతిలోనే పిల్లలను ఎంచుకొంటారు. పేద పిల్లలకు అవి చేసిన మేలు తక్కువది కాదు, వాటిని నేను తప్పుపట్టడం లేదు. కాని అట్లా ఎంచిన నలభై మంది, హద్దులోని ఊరినుంచి వచ్చిన నలభై మంది ఒకటేనని ఏ లెక్కా ఒప్పుకోదు. బడికి బడి ఆడించేటప్పుడు హెచ్చింపు అవసరమయ్యేది ఇక్కడే.

చేయదగినవి

పెద్ద ఖర్చు లేకుండా మండల స్థాయిలో చేయదగినవి నాలుగు తోస్తున్నాయి.

మొదటిది, బడులను రెండు వరుసలుగా విడదీయడం. పోటీ పడే ఈడులో ఎంతమంది ఉన్నారో జూలైలో ఒకసారి, పోయిన ఏడు డిసెంబరులో హాజరైనవారు ఎంతమందో ఇంకొకసారి చూసి, రెండింటి సగటు తీసుకొంటే సుగ్గి ఊళ్లకు అన్యాయం జరగదు.

రెండవది, చిన్న వరుసలో లీగు పద్ధతి. ఐదు బడులు ఒకదానితో ఒకటి ఆడితే మొత్తం పది ఆటలు. ప్రతి జట్టుకూ నాలుగు. అరగంట ఆటలు గనుక రెండు బరులుంటే ఒక్క రోజులో అయిపోతాయి. పిల్లలు అలసిపోతారంటే రెండు రోజులు పెట్టుకోవచ్చు.

మూడవది, జంట జట్లు. విడిగా జట్టు కట్టలేని రెండు పక్కపక్క ఊళ్ల బడులు కలిసి ఒక జట్టుగా ఆడవచ్చు. అమెరికాలో పల్లె బడులకు ఈ వీలుంది. మన పిల్లలు ఒకే బస్సులో కలిసి వచ్చేవాళ్లే.

నాలుగవది, చివర రెండు వరుసల విజేతలకూ ఒక ఆట. మైలన్ వంటి బడికి తలుపు మూయకూడదు. జిల్లా ఎంపిక మాత్రం ఇప్పటిలాగే ఏ బడి పిల్లవాడికైనా తెరిచి ఉండాలి.

"నిబంధనలు మారిస్తే ఆట మెరుగవుతుందా?" అని అడిగేవాళ్లకు మన హైదరాబాదు రహీం గారి ఉదాహరణ చెబుతాను. ఉపాధ్యాయ వృత్తినుంచి వచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం బంతిని కాలితో నడిపించుకుపోకూడదన్న షరతుతో, ఎడమకాలు అలవాటు చేయడానికి ఇంకో షరతుతో పోటీలు పెట్టించినాడు. ఆయన శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచింది. పోటీ ఎట్లా ఉంటే ఆటగాడు అట్లా తయారవుతాడు. మనకు పొరుగున అనంతపురంలో, 1969లో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ ఆర్.డి.టి. పల్లె పిల్లలకు ఫుట్‌బాల్ లీగులు నడిపింది. ఒక్కరోజు తతంగం కాకుండా మళ్లీ మళ్లీ ఆడే అవకాశం ఇవ్వడం మన కరువు సీమలోనూ సాధ్యమేనని అది చూపింది.

మన సంగతి

చివరగా మన కళాశాల గురించి ఒక మాట. మనది హద్దులేని బడి. ప్రవేశ పరీక్షల ద్వారా సీమ జిల్లాలన్నిటి పిల్లలూ ఇక్కడికి వస్తారు. అంతర కళాశాల పోటీల్లో మనకు ఎదురు నిలిచేవాటిలో రెండు మూడు వందల మంది ఉన్న పల్లెటూరి డిగ్రీ కళాశాలలున్నాయి. వాటిని మొదటి ఆటలోనే ఓడించి, ఆ సంగతి ఏటేటా ఇదే సంచికలో క్రీడల నివేదిక కింద అచ్చువేసుకొంటాం. నేను చదివేనాడు ఆ నివేదికలో నా పేరు కూడా ఒకసారి వచ్చింది. అప్పుడు సంతోషించినాను. గెలుపు గెలుపే, కాదనను. కాని ఓడిన జట్టు పిల్లలు తిరుగు బస్సు కోసం ఎన్ని గంటలు కాచుకొన్నారో ఆనాడు నేను అడగలేదు. అడగవలసినవాడిని నేనే.

విద్యార్థి సంఘం వారికి నా కోరిక చిన్నది. వచ్చే ఏడు పోటీలు మన మైదానంలో జరిగితే, మొదటి ఆటలో ఓడిన జట్లకు సాయంత్రం దాకా తమలో తాము ఆడుకొనే ఏర్పాటు చేయండి. వల అదే, బరి అదే, ఈలే ఇంకొక గంట ఊదాలి. క్రీడల నివేదికలో గెలిచినవారి పేర్ల పక్కన, వచ్చిన ప్రతి కళాశాలా ఎన్ని ఆటలు ఆడి ఇంటికి పోయిందో ఒక పట్టిక కూడా వేయండి. ఆ పట్టికలో ఎక్కడా "ఒకటి" అన్న అంకె లేనినాడు మా లెక్కల సారు లెక్క కుదిరిందని నేను ఒప్పుకొంటాను.